యూరప్‌లో కొత్త కారు తీసుకునేవాళ్లూ, తిరిగి అప్పగించే రోజు జాగ్రత్త

అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఎవరైనా యూరప్ ట్రిప్‌లోనే ఫ్యాక్టరీ దగ్గర కొత్త కారు తీసుకుని, అక్కడ తిరిగాక ఓడలో అమెరికాకు పంపిద్దామనుకుంటుంటే, దయచేసి ఇది చదివాకే సంతకాలు పెట్టండి. కొన్ని పెద్ద జర్మన్ కంపెనీలు 2020లోనే ఈ పద్ధతి మానేశాయి కానీ, ఇస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. మేమూ అలాగే తీసుకున్నాం. తాళాలు చేతికిచ్చిన రోజు గురించి గానీ, పిల్లలతో ఆల్ప్స్ కొండల్లో తిరిగిన 12 రోజుల గురించి గానీ నాకే ఫిర్యాదూ లేదు. నష్టమంతా కారును ఓడకెక్కించడానికి అప్పగించిన ఆ అరగంటలో జరిగింది.

మర్నాడు పొద్దున్నే ఫ్లైట్. వానలో, కారు అప్పగించే ఆఫీసు మూసే వేళకు చేరాం. కారు నిండా బురద. అక్కడి ఉద్యోగి టార్చిలైటుతో ఒకసారి చుట్టూ తిరిగి ఫారం ముందు పెట్టాడు. పిల్లలు నిద్రకు తూగుతున్నారు, సంతకం పెట్టేశాను. 'కారు మురికిగా ఉంది, పెయింటు పరిశీలించలేదు' అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అది నేను చదివింది మూడు నెలల తర్వాత, కారు డీలర్ దగ్గరికి వచ్చిన రోజు. వెనక డోరుకు సొట్ట, రెండు చక్రాలకు గీతలు! అప్పగించినప్పుడు ఈ దెబ్బలు లేవనడానికి రుజువేదని ఓడ ఇన్సూరెన్స్‌వాళ్లు అడిగారు. యూరప్‌లో తిరగడానికిచ్చిన ఇన్సూరెన్స్ అప్పగించిన రోజుతోనే ముగిసింది. డీలర్ తనకు సంబంధం లేదన్నాడు. ప్రస్తుతానికి 2,300 డాలర్లు మేమే పెట్టుకున్నాం.

అందుకే కారును కడిగించి, పగటి వెలుగులోనే అప్పగించండి. అడుగుభాగం కూడా కడిగించాలి. విదేశీ మట్టి అంటుకున్న వాహనాన్ని అమెరికా కస్టమ్స్ ఎలాగూ ఒప్పుకోదు. చక్రాలు, పైకప్పు, మీటరు రీడింగుతో సహా అక్కడి ఉద్యోగి ఎదుటే వీడియో తీయండి. ఫారం కాపీ చేతికి వచ్చేదాకా కదలకండి. పిల్లల సీట్లు, సామాను కార్లో వదలొద్దు.

డీలర్ మాకు విడమర్చి చెప్పనిది ఇంకొకటుంది. డబ్బంతా ప్రయాణానికి ముందే కట్టాలి. లోన్ తీసుకుంటే కారు సముద్రం మీద ఉండగానే వాయిదాలు మొదలవుతాయి. ఆరు వారాల్లో వస్తుందన్న కారు 13 వారాలకు వచ్చింది. ఒకపక్క వాయిదాలు, ఇంకోపక్క ఆఫీసుకెళ్లడానికి అద్దె కారు, రోజూ అదే టెన్షన్. కాంట్రాక్టు తీసి చూస్తే ఆరు వారాలన్న మాటే లేదు. ఆలస్యమైతే ఆ ఖర్చు ఎవరు భరిస్తారో ముందే రాయించుకోండి.

ఇటలీ వైపు వెళ్తే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి. ఫ్లోరెన్స్ లాంటి ఊళ్లలో పాత నగరం నడిబొడ్డుకు బయటి కార్లు వెళ్లకూడదు. కెమెరా పట్టేస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది.

ఇన్సూరెన్స్‌వాళ్లకు మళ్లీ అప్పీలు పెట్టాం, జవాబు రాలేదు. ప్రయాణం దగ్గరపడినవాళ్లు అప్పగింత ఫారం ఖాళీ కాపీని ఈమెయిల్లో ఇప్పుడే తెప్పించుకుని, ఇంట్లో కూర్చుని చివరి లైను దాకా చదవండి.