లేసు గడులు నింపుకోడానికి ఏఐతో చేయించుకునే పేజీ: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ తప్పుతుంది

కోడింగు ఒక్క ముక్క రాకపోయినా, కావలసింది తెలుగులో చెబితే చాలు. క్లాడ్, చాట్‌జీపీటీ, జెమినీ లాంటి ఏఐలు చిన్న వెబ్‌పేజీ రాసిచ్చేస్తాయి. 2024లో జీఐ (ఫలానా ప్రాంతానిదేనన్న) గుర్తింపు వచ్చిన నరసాపురం క్రోషే లేసుకి గ్రాఫు పేపరు, పెన్సిలు, రబ్బరు బదులు ఇలాంటి పేజీ పెట్టుకోవచ్చా? గడుల లేసుకి, అంటే ఫిలెట్ రకానికి, నిస్సందేహంగా పెట్టుకోవచ్చు. గుండ్రటి డాయిలీలకి (బల్లమీద వేసే చిన్న లేసు గుడ్డలకి) మాత్రం వద్దు. వరసవరసకీ కుట్లు పెరిగే లెక్కలో ఏఐ తేలిగ్గా తప్పుతుంది, ఆ తప్పు అల్లితేగానీ బయటపడదు.

"లేసు డిజైన్ యాప్ చెయ్యి" అంటే రంగుల బటన్ల సంత వస్తుంది. ఇలా అడగండి: అడ్డం 60, నిలువు 40 గడులు. తాకితే నిండాలి, మళ్లీ తాకితే ఖాళీ కావాలి. ఎడమ సగం నింపితే కుడి సగం అద్దంలోలా రావాలి. వరస నంబర్లు కిందినుంచి పైకి; బేసి వరసలకి కుడిపక్కన, సరి వరసలకి ఎడమపక్కన. ఈ ఆఖరిది చెప్పకపోతే పైనుంచి కిందికి, అన్నీ ఎడమపక్కనే వేసే అవకాశం ఎక్కువ. వరస అయ్యాక పని తిప్పుకుంటామన్న సంగతి దానికి తోచదు.

అసలు తంటా గడి కొలత దగ్గర. తెరమీద గడి నలుచదరం, దారంతో అల్లింది సాధారణంగా కాదు. అందుకే తెరమీద గుండ్రంగా ఉన్న పువ్వు అల్లాక కోడిగుడ్డులా సాగుతుంది. మీ దారంతో, మీ సూదితో 10×10 గడుల ముక్క అల్లి కొలవండి. వెడల్పు 60 మిల్లీమీటర్లు, ఎత్తు 66 వస్తే గడిని 6కి 6.6 చెయ్యమనండి. అప్పుడు 60 గడుల పని 36 సెంటీమీటర్లు వస్తుందని ముందే తెలుస్తుంది. మొదటి చైన్ల (గొలుసు కుట్ల) లెక్క కూడా పేజీలోనే చూపించమనాలి: మధ్యలో రెండు చైన్లు పెట్టే గడికి, గడులు ఇంటూ మూడు, ప్లస్ ఒకటి. 60కి 181. తిప్పేటప్పుడు వేసే చైన్లు వేరు.

కుట్ల పేర్లు రాయించుకుంటే ఇంకో చిక్కుంది. అమెరికా వాళ్ల డబుల్ క్రోషే, ఇంగ్లండు వాళ్ల ట్రెబుల్ ఒకటే కుట్టు. ఏ పద్ధతో చెప్పకుండా ఆర్డరుకి రాయిస్తే కొలతలన్నీ మారిపోతాయి.

ఫోన్లో గడి నింపుతుంటే పేజీయే జారిపోతుందా? "వేలితో గీస్తున్నప్పుడు పేజీ కదలకూడదు" అంటే సరిచేస్తుంది. లంక ఊళ్లలో నెట్ లేనప్పుడూ తెరుచుకోవాలంటే, బయటి లైబ్రరీలేవీ (నెట్‌లోంచి తెచ్చుకునే రెడీమేడ్ కోడు) వాడకుండా ఒకే ఫైలులో ఇమ్మనండి. చేసిన డిజైను దాచుకునే, మళ్లీ తెరిచే బటన్లు అడిగి పెట్టించండి, లేకపోతే పేజీ మూసెయ్యగానే పోతుంది. ప్రతి మార్పుకీ పాత ఫైలుని వేరే నంబరుతో ఉంచుకోండి. ఒకటి బాగుచేస్తూ ఇంకోటి పాడుచెయ్యడం దీనికి అలవాటు.

పీడీఎఫ్ బటన్ పెట్టిస్తే తెలుగు అక్షరాలు తరచూ పిచ్చిగీతలవుతాయి. బ్రౌజర్ ప్రింటే వాడండి, సైజు 100 శాతం దగ్గర పెట్టి.

మొత్తమ్మీద ఈ పద్ధతికి నా మార్కులు అయిదుకి మూడున్నర.

అల్లేవాళ్లకి మాత్రం ఆ ఫైలు పంపొద్దు, కాగితమే ఇవ్వండి. గడి 5 మిల్లీమీటర్లకి తగ్గితే సాయంత్రం వెలుతురులో వరస తప్పుతారు. 60 గడులు ఆ లెక్కన ఏ4 అడ్డం పెట్టినా పట్టవు. రెండు కాగితాలుగా విడగొట్టమని, అతికేచోట ఒక నిలువు వరస రెండింటిలోనూ రావాలని చెప్పండి.