మొగలి మొక్క కొనేముందు ఒక్క మాట అడగండి

అమ్మ బట్టల పెట్టెలోని మొగలిరేకుల వాసన మర్చిపోలేక నాలుగేళ్ల క్రితం ఒక నర్సరీలో రెండు మొక్కలు కొన్నాను. మా ఊరి కాలవ గట్టున ఉన్న పొదలన్నీ కొట్టేశారు మరి, లేకపోతే కొనాల్సిన అవసరమే ఉండేది కాదు, తలచుకుంటే ఇప్పటికీ బాధే.

మొక్కలు మాత్రం గట్టివి, ఏడాది పొడవునా పచ్చగానే ఉన్నాయి. కానీ ఆ ఘుమఘుమలాడే పొత్తి మగ మొక్కకే వస్తుంది, ఆడదానికి అనాసపండు లాంటి కాయ కాస్తుంది, ఈ సంగతి నర్సరీవాళ్లు చెప్పలేదు, నాకు ఒకటి ఆడది తగిలింది. అందుకే పూసే మగ పొద నుంచి తీసిన పిలకే కావాలని అడగండి. రెండోది మొన్న వానల్లో పూసింది, వీధి చివరిదాకా వాసన!

కుండీలో వద్దు. సముద్రపు ఇసుకలో, నీటి గట్ల మీద ఊడలు దించుకుని మట్టిని పట్టుకునే పొద ఇది, ఉప్పుగాలికి బెదరదు. ఒడిశా గంజాం తీరంలో ఈ పూలనుంచే కేవడా అత్తరు తీస్తారు. ఆకు అంచులకీ ఈనెకీ ముళ్లుంటాయి, పిల్లలు తిరిగే దారిలో నాటకండి.

మొక్కకు 5కి 5, నర్సరీకి 3.