లాగే కుక్కకి ముందు రింగు హార్నెస్: ఆరు నెలలు వాడాక చెప్తున్నా

మా భీముడు 28 కిలోలు, నేను 52. లెక్క ప్రకారం నేనే బరువు, కానీ వాడికి పిల్లి కనపడిందంటే ఆ లెక్కలేవీ పనిచేయవు. మెడకి కాలర్ వేసి తీసుకెళ్లిన రోజుల్లో వాడు లాగుతూ గొంతు బిగుసుకుపోయి ఖళ్ ఖళ్ మని దగ్గేవాడు, అయినా ఆపేవాడు కాదు. మెడ మీద అలా పదే పదే ఒత్తిడి పడితే శ్వాసనాళానికి మంచిది కాదని డాక్టర్ చెప్పాక వీపు మీద రింగు ఉండే మామూలు హార్నెస్, అంటే మెడకి కాకుండా ఛాతీ చుట్టూ తొడిగే పట్టీలు, కొన్నాను. దగ్గు తగ్గింది, లాగుడు రెట్టింపయింది. ఎందుకవదు, బండెద్దుకి కాడి కట్టినట్టు బలమంతా ఛాతీ మీదకి తెచ్చి వాడికి ఇంకా వీలు చేసి పెట్టింది నేనే కదా!

ఈ మూడోది నేను కొన్నది కాదు, మా ఫ్రెండ్ కొనిచ్చింది. పద్నాలుగేళ్ల స్నేహం మాది. ఒకే ఊళ్లో ఉంటూ కూడా ఉద్యోగాలు, ట్రాఫిక్, ఇంటి పనుల మధ్య ఏడాదికి రెండుసార్లు కలిస్తే గొప్ప అన్నట్టు తయారయ్యాం, తను మా పక్క వీధికి మారేదాకా. తనకీ ఒక కుక్క ఉంది, బుడ్డి. ఇక రోజూ సాయంత్రం కలిసి నడుద్దాం, బోలెడన్ని కబుర్లు చెప్పుకుందాం అని ప్లాన్ వేసుకున్నాం. జరిగిందేంటంటే, తను వాళ్ల ఆఫీసు గొడవ చెప్పడం మొదలుపెట్టి "అప్పుడు మా మేనేజర్ ఏమన్నాడంటే" అనేలోపు భీముడు నన్ను పది గజాల అవతలికి లాక్కుపోయేవాడు. ఆ మేనేజర్ ఏమన్నాడో తెలియడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఒకరోజు తనే ఈ ప్యాకెట్ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఒసే, ఇది నీకు గిఫ్ట్ అనుకునేవు, నా మాట పూర్తి కావడం కోసం కొన్నా" అంది.

దీని కిటుకు చిన్నదే. తాడు తగిలించే రింగు వీపు మీద కాకుండా ఛాతీ ముందు ఉంటుంది. కుక్క ముందుకి దూకితే ఆ లాగే బలమే దాన్ని పక్కకి తిప్పి మన వైపు మళ్లిస్తుంది. మొదటిసారి అలా తిరిగినప్పుడు భీముడు నా మొహం చూసిన చూపు మర్చిపోలేను, 'ఇదేంటి, వెనకాల నువ్వున్నావా?' అన్నట్టు. అప్పటిదాకా వాక్‌లో నేను చూసింది వాడి తోకనే, వాడు నన్ను చూసింది లేదు. 2015లో జపాన్ పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వేశారు, కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరిగిందని. నాకు ఏ హార్మోన్ పెరిగిందో తెలీదు గానీ, భుజం నొప్పి మాత్రం వారంలో తగ్గింది.

అలాగని తొడిగిన రోజే కుక్క బుద్ధిమంతుడైపోతుందని కొనకండి. మొదటి మూడు రోజులు వాడు అడుగు కూడా వేయకుండా శిలలా నిలబడ్డాడు. ఇంట్లోనే కాసేపు తొడగడం, ఇష్టమైన ముక్క ఒకటి పెట్టడం, తీసేయడం. అలా అలవాటు చేశాకే బయటికి తీసుకెళ్లాను. బయట కూడా తాడు వదులుగా ఉన్నప్పుడు మెచ్చుకోవాలి, బిగిస్తే మనం ఆగిపోవాలి. ఆ పని హార్నెస్ చేయదు, మనమే చేయాలి. వాసన చూడ్డానికి ఆగితే మాత్రం ఆగనివ్వండి, వాళ్లకి వాక్ అంటే అదే కదా, మనకి కబుర్లెలాగో వాళ్లకి స్తంభాలు అలాగ.

ఇక తిట్టాల్సినవి. సైజు చార్టు నమ్మి తను తెప్పించిన మొదటి హార్నెస్ వదులైపోయింది. భీముడు వెనక్కి నడుస్తూ ముందుకాళ్లు లాగేసుకుని సగం బయటికొచ్చేశాడు, అదీ రోడ్డు పక్కన, నా ప్రాణం పోయినంత పనైంది. మార్చుకోవడానికి పది రోజులు పట్టింది. కాబట్టి ముందుకాళ్ల వెనక, ఛాతీ వెడల్పుగా ఉన్నచోట టేపుతో చుట్టుకొలత తీసుకోండి, తొడిగాక పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అంతకంటే వదులు వద్దు. రెండోది, చంకల దగ్గర పట్టీ అంచు గరుకుగా ఉంది. రెండో నెలలో అక్కడ వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడింది, నేను పాత బనియను గుడ్డ చుట్టి కుట్టాను. పొట్టి వెంట్రుకల కుక్కలైతే రోజూ అక్కడ చూడండి. మూడోది, దీనికి సాగే తాడు, అదే పిడిలోకి దానంతటదే చుట్టుకునేది, అస్సలు తగిలించొద్దు. ముందు రింగుకి పొడుగు తాడు ఉంటే కాళ్లలో చిక్కుకుంటుంది. ఆరడుగుల మామూలు తాడు చాలు. బకిల్స్ గట్టివే, ఉతికితే రంగు పోలేదు.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఒకటి ఆ చంక పట్టీకి కోత.

నిజానికి నాలుగు కూడా ఒక్క వారం కోసమే ఇవ్వొచ్చు. పోయిన నెల నాకు జ్వరమొచ్చి లేవలేకపోతే మా ఫ్రెండ్ రోజూ పొద్దున్నే తాళం తీసుకుని వచ్చి, రెండు కుక్కల్నీ రెండు చేతులా పట్టుకుని తీసుకెళ్లింది. కాలర్ రోజుల్లో భీముణ్ణి తన చేతికి ఇవ్వడానికే నాకు భయం, ఎక్కడ పడేస్తాడోనని. కిటికీలోంచి చూస్తే ముగ్గురూ ఒకే వరసలో నడుస్తున్నారు. తిరిగొచ్చాక నా మంచం పక్కన నేల మీద కూర్చుని, భీముడి తల ఒళ్లో పెట్టుకుని, మేనేజర్ కథ రెండో భాగం చెప్పింది. ఈసారి మధ్యలో ఎవరూ లాక్కుపోలేదు, నేనే నిద్రపోయానట.

లాగే కుక్క ఉంటే కొనుక్కోండి. బుడ్డి లాంటి వాటికి దండగ. అది సగం దారిలో కూర్చుని ఎత్తుకోమని చూస్తుంది, దానికి కావాల్సింది హార్నెస్ కాదు, మా ఫ్రెండ్ చంక.