మెడా భుజాలూ పట్టేస్తే ఏది మేలు: నడకా, ఊపిరా, బిగించి వదలడమా?

పలాసలో జీడిపిక్కలు ఒలిచేవాళ్లూ, పొందూరులో రాట్నం తిప్పేవాళ్లూ గంటల తరబడి ఒకే తీరున కూర్చుంటారు. ఆ శ్రమకు అప్పు గురించో, పిల్లల ఫీజు గురించో దిగులు తోడైతే మెడ మరింత పట్టేస్తుంది. ఆందోళన కలగగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, పరుగుకో పోట్లాటకో సిద్ధమైనట్టు కండరాలు బిగుస్తాయి. కానీ పరిగెత్తేదీ లేదు, దిగులు తీరేదీ లేదు. దాంతో ఆ బిగువు దవడలోనో భుజాల్లోనో నడుములోనో ఉండిపోతుంది.

రోజంతా కూర్చునేవాళ్లకి నడకే మంచిది. విజయనగరం పెద్దచెరువు గట్టు మీదో, శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డునో చేతులు ఊపుకుంటూ అరగంట నడిస్తే చాలు. అయితే కాళ్లు నడుస్తున్నా మనసు అప్పుల లెక్కలు వేస్తూనే ఉంటుంది. ఛాతీ మీద కట్టుకున్న తప్పెట వాయిస్తూ తప్పెటగుళ్లు ఆడేవాళ్లకి ఆ వీలే ఉండదు, దరువు తప్పుతుంది కదా!

ఆఫీసులో ఎవరో గట్టిగా మాట్లాడి గుండె దడదడలాడుతుంటే నడకకు పోలేం. అక్కడ ఊపిరే దిక్కు. నిమిషానికి ఆరుసార్ల చొప్పున, పీల్చేదానికన్నా వదిలేది నెమ్మదిగా సాగాలి. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది.

నూనె మర్దనా హాయిగానే ఉంటుంది, కానీ రోజూ చేసేవాళ్లెవరు?

రాత్రి నిద్రపట్టక పళ్లు బిగించి పడుకునేవాళ్లకి మాత్రం నేను బిగించి వదలడమే చెబుతాను. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929లో పుస్తకంగా వెలువరించిన పద్ధతి ఇది. పాదాలతో మొదలుపెట్టి పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, దవడ వరకూ ఒక్కో భాగాన్నీ ఐదారు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేయాలి. వదిలాక కాసేపు ఆ తేడాను గమనించాలి. చాలామందికి తమ భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయనే తెలియదు. ఆ తేడా తెలిశాక పగలు పనిలో ఉన్నా వాటిని దించుకోగలుగుతారు. అందుకే నా ఓటు దీనికి.

దెబ్బ తగిలినచోట, ఆపరేషన్ అయినచోట బిగించకండి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు. ఛాతీలో నొప్పి మొదలై ఎడమచేతికో దవడకో పాకితే ఒత్తిడేలే అనుకుని పడుకోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.