కినో సాహిత్యం ఒకటే, బాణీలు రెండు: ‘ఆర్మీద్’ ముందు ఎవరిది వినాలి?

ఫ్రెంచి కవి ఫిలిప్ కినో (1635–1688) రాసిన ఆఖరి ఒపేరా ‘ఆర్మీద్’. దీనికి 1686లో ల్యులీ, 1777లో గ్లుక్ బాణీ కట్టారు. మాటలు దాదాపు అవే. కవి కోసం వచ్చేవారు ల్యులీతో మొదలుపెట్టడం మేలు. నాటకపు వేగం కోసం వచ్చేవారికి గ్లుక్ తొందరగా చేరువవుతాడు.

కినో పారిస్‌లో రొట్టెలు కాల్చి అమ్మేవాడి కొడుకు. 1673 నుంచి ల్యులీకి పదకొండు సంగీత విషాద నాటకాలు రాసిచ్చాడు. ఒక్కోదానికి ల్యులీ ఇచ్చింది ఆనాటి ఫ్రెంచి డబ్బులో 4,000 లీవ్ర్‌లు. కినో కథలు సూచిస్తే ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఒకటి ఎంచుకునేవాడు. ల్యులీ తనకు నచ్చేదాకా దృశ్యాలు తిరగరాయించేవాడు. అంటే ఆ పద్యాలు మొదటినుంచీ ఆ ఒక్క స్వరకర్త చేతికి సరిపోయేలా చెక్కినవి. పోలికలో ముందు గుర్తుంచుకోవలసింది ఇదే.

పరీక్షకు రెండో అంకం ఐదో దృశ్యం చాలు. నిద్రపోతున్న శత్రువీరుడు రెనో మీద మంత్రగత్తె ఆర్మీద్ కత్తి ఎత్తుతుంది, కానీ పొడవలేదు. మొదటి నాలుగు పాదాల్లో అక్షరాలు వరసగా 8, 12, 12, 10. నాటక కవులు పాదమంతా 12కే కట్టుబడుతుంటే కినో ఇలా పొట్టి, పొడుగు పాదాలు కలిపాడు. ‘ఆఁఫాఁ ఇలెతాఁ మా ప్యుయీసాఁస్’ (చివరికి నా చేతికి చిక్కాడు) అన్న ఎనిమిదక్షరాల పాదం ఒక్క ఊపులో వస్తుంది. తర్వాతి 12 అక్షరాల పాదం సరిగ్గా ఆరో అక్షరం దగ్గర విరుగుతుంది. దీన్ని మన తెలుగు యతిలా చూడకూడదు. ఇక్కడ అక్షరమైత్రి లేదు, విరామమే. లెక్క తప్పేది మరోచోట: మామూలు మాటల్లో మింగేసే, ఫ్రెంచి పదం చివరి ‘అ’ను హల్లు ముందు పాటలో పలుకుతారు, లెక్కిస్తారు. పాదాంతంలో ఉంటే పాడతారు గానీ లెక్కించరు.

ల్యులీ ఈ పాదాల వెంటే నడిచాడు. పాదం పొడవు మారితే తాళమూ మారుతుంది, విరుపు దగ్గర గొంతు ఆగుతుంది. దృశ్యం మొదట్లో తంత్రీవాద్యాలు మోగి తప్పుకుంటాయి. తర్వాత మాటల కింద హార్ప్సికార్డ్ (పియానోలాంటి పాత మీటల వాద్యం), మంద్రవాద్యాలు మాత్రమే మిగులుతాయి. ఇక్కడే కొత్త శ్రోత జారిపోతాడు. పాట ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తే విసుగే మిగులుతుంది. ఆర్మీద్ కల్లోలం సంగీతంలో లేదని 1753లో తత్వవేత్త రూసో ఎత్తిపొడిచాడు. కింది స్వరాలు వింటే కనిపిస్తుందని స్వరకర్త రామో బదులిచ్చాడు. రామోదే సరైన చెవి.

గ్లుక్ దగ్గర ఆ అవస్థ లేదు. సంభాషణ కింద కూడా వాద్యబృందం మోగుతూనే ఉంటుంది కాబట్టి ఫ్రెంచి రాకపోయినా తడబాటు, కోపం వినబడతాయి. రాజును పొగిడే నాందిని ఆయన తీసేశాడు. మూడో అంకం చివర నాలుగు పాదాలు చేర్చాడు. ద్వేషదేవత శపించి వెళ్లాక ఆర్మీద్ ఒంటరిగా వణికిపోతూ ప్రేమను శరణు కోరుతుంది. కినో అక్కడ ఆమెకు మాటే ఇవ్వలేదు. ఆ నాలుగు పాదాలు అంకాన్ని బలపరిచాయనే చెప్పాలి. నష్టం మరోచోట ఉంది: వాద్యాలు భావాన్ని మోసేసరికి పాదాల హెచ్చుతగ్గులు చెవికి అంతగా ఆనవు.

నాలుగో అంకం మాత్రం ఇద్దరినీ ఇబ్బంది పెట్టింది. రెనోను వెతికే ఇద్దరు వీరులకు ఒకరి తర్వాత ఒకరికి ఒకే రకం మాయ ఎదురవుతుంది. ఆర్మీద్ అసలు రంగం మీదికే రాదు. లోపం కవిదే, ఏ స్వరకర్తా దాన్ని దాచలేకపోయాడు.

ల్యులీకి క్రిస్టోఫ్ రూసే రికార్డింగ్, గ్లుక్‌కు మార్క్ మింకోవ్‌స్కీ రికార్డింగ్ మంచివి. ముందు అనువాదంతో సహా పాఠం చదివి, పాదాల అక్షరాలు వేళ్ల మీద లెక్కపెట్టండి. తర్వాత ఆ ఒక్క దృశ్యాన్ని ల్యులీలో రెండుసార్లు, వెంటనే గ్లుక్‌లో ఒకసారి వినండి. పూర్తి ఒపేరాకు కూర్చున్నప్పుడు ల్యులీ నాందిని మొదటిసారికి దాటేయవచ్చు. ఐదో అంకంలోని పాసకై నృత్యాన్ని మాత్రం దాటకండి, అది ఒకే మంద్రస్వరాల వరస మీద తిరుగుతూ పెరుగుతుంది.