చర్చి చరిత్ర, పండగల మీద ఇంగ్లిష్ వర్క్‌షీట్లు: మూడేళ్లు చేశాక నా మాట

ఈ వర్క్‌షీట్ల సెట్ నా చేతికొచ్చి మూడేళ్లు కావస్తోంది. కొన్నది కాదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ వచ్చిన కొత్తలో మా ఇంటి దగ్గర ఒక చర్చి హాల్లో గురువారం సాయంత్రాలు ఫ్రీగా ఇంగ్లిష్ క్లాసు జరిగేది, అక్కడ స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్సుల కట్ట తలా ఒకటి ఇచ్చారు. నలభై షీట్లు, వెనక జవాబులు, వినడానికి ఆడియో. సగం బ్రిటన్ మత చరిత్ర, సగం పండగలూ సెలవులూ. ఇలాంటి కట్టలు ఇక్కడ చాలా క్లాసుల్లో ఇస్తారు కాబట్టి మీకూ ఏదో ఒకటి తగులుతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఐఈఎల్‌టీఎస్ ఎలాగో గట్టెక్కాను గానీ, వృద్ధుల కేర్ హోమ్‌లో ఉద్యోగంలో చేరాక మొదటి నెలంతా ఎవరేమన్నా నవ్వి తలూపడమే. టీ తాగుతూ పెద్దవాళ్లు మాట్లాడే మాటల్లో సగం పండగలు, చిన్నప్పటి సంగతులు, చర్చి. ఆ మాటలు ఏ స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకంలోనూ ఉండవు. ఈ కట్ట పనికొచ్చింది ముందు అందుకే, గ్రామర్ తర్వాత.

అయితే గ్రామర్ కూడా వచ్చింది, అదీ నేను అనుకోని చోట. ప్యాసివ్ వాయిస్ అంటే నాకు స్కూల్ నుంచీ టెన్షనే. "రాముడిచే రావణుడు చంపబడెను" అని రాయించేవాళ్లు, పాత బైబిల్ అనువాదంలోనూ ఆ గ్రామర్ పుస్తకంలోనూ తప్ప ఈ "బడు" ఎవరి నోట వింటాం? ఈ సెట్‌లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మీద ఉన్న షీట్‌లో ఖాళీలు నింపుతుంటే విషయం అర్థమైంది. హెన్రీ రెండో భార్య ఆన్ బొలీన్ తల 1536లో నరికారు. ఎవరు నరికారు? మన తెలుగులో ఆ మాట చెప్పకుండానే వాక్యం హాయిగా నిలబడుతుంది, ఇంగ్లిష్‌లో నిలబడదు, అందుకే వాళ్లకి "వాజ్ బిహెడెడ్" కావాలి. అంతే సంగతి. ఇరవై ఏళ్లుగా ఎవరూ ఇలా చెప్పలేదు, నిజానికి ఈ షీటూ చెప్పలేదు, పది వాక్యాలు వరసగా రాసేసరికి నాకే తట్టింది. ఆ షీట్లలో పని చేసినవాడి కంటే పని జరిగినవాళ్లే ఎక్కువ: మఠాలు మూసేశారు, భూములు లాక్కున్నారు, మనుషుల్ని కాల్చేశారు. ప్యాసివ్ నేర్పడానికి ఇంతకంటే మంచి చరిత్ర ఇంకోటి ఉండదేమో!

1534లో హెన్రీ పోప్‌తో తెగతెంపులు చేసుకుని ఇంగ్లండ్ చర్చికి తానే పెద్ద అని చట్టం చేయించుకున్నాడు. తర్వాత 1536 నుంచి 1540 లోపు మఠాలన్నీ మూయించాడు. ఈ పాఠం చదివిన మర్నాడు బస్సులో వెళ్తూ కిర్క్‌స్టాల్ అబ్బే శిథిలాల్ని మొదటిసారి సరిగ్గా చూశాను. అప్పటికి ఆర్నెల్లుగా రోజూ దాని పక్క నుంచే డ్యూటీకి పోతున్నా, ఏదో పాత కోట అనుకునేదాన్ని, భూకంపమో యుద్ధమో కూల్చేసిందేమో అనుకునేదాన్ని. 1539లో రాజు మనుషులకి అప్పగించిన మఠం అది. పైకప్పు సీసం ఊడదీసి అమ్ముకుంటే వానకి తడిసి ఇలా మిగిలిందని తెలిశాక ఆ గోడలు వేరేగా కనిపించాయి. ఈ సెట్‌కి నేనిచ్చే మార్కుల్లో సగం ఆ ఒక్క షీట్‌కే.

ప్రొటెస్టెంట్లలో ఒక శాఖైన మెథడిస్టుల షీట్ దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. మాది మెదక్ వైపు. మేం హిందువులమే, అయినా చిన్నప్పుడు అమ్మ మమ్మల్ని క్రిస్మస్ రోజుల్లో మెదక్ చర్చి చూపించడానికి తీసుకెళ్లేది, ఆ రంగుటద్దాల కిటికీల కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూసేవాళ్లం. కరువు కాలంలో జనానికి పని, తిండి దొరకాలని ఓ దొర కట్టించాడని మావైపు చెప్పుకుంటారు. ఆ పోస్నెట్ దొర వెస్లియన్ మెథడిస్టు, చర్చి తెరిచింది 1924 డిసెంబర్ 25న. ఇదంతా షీట్‌లో లేదు, షీట్‌లో ఉన్నది జాన్ వెస్లీ మాత్రమే: 1703లో పుట్టాడు, 1791లో పోయాడు, బయట మైదానాల్లో ప్రసంగాలు చేశాడు, "మెథడిస్టు" అనేది ఆక్స్‌ఫర్డ్‌లో వెక్కిరించడానికి పెట్టిన పేరు. సికింద్రాబాద్‌లో వెస్లీ కాలేజీ బోర్డు ఎన్నిసార్లు చూశానో, అదొక మనిషి పేరని ఎప్పుడూ అనుకోలేదు. మనవైపు ఆంగ్లికన్లు (అంటే ఇంగ్లండ్ చర్చివాళ్లు), మెథడిస్టులు 1947లో సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా పేరుతో కలిసిపోయారు, ఇక్కడ మాత్రం ఇప్పటికీ వేరువేరే. ఈ సంగతి క్లాసులో చెబితే మా టీచరమ్మే ఆశ్చర్యపోయింది. డెబ్బై దాటిన రిటైర్డ్ టీచర్, జీతం లేకుండా వచ్చి చెప్పేది.

తప్పుల సంగతికొస్తా. జవాబుల పేజీని గుడ్డిగా నమ్మకండి. పార్లమెంటుని పేల్చేయాలని పన్నిన గన్‌పౌడర్ కుట్ర షీట్‌లో "కుట్రకు నాయకుడు ఎవరు" అనే ప్రశ్నకి గై ఫాక్స్ అని జవాబిచ్చారు. నాయకుడు రాబర్ట్ కేట్స్‌బీ. ఫాక్స్ 36 పీపాల మందుగుండుకి కాపలా ఉంటూ 1605 నవంబర్ 5 తెల్లవారకముందే పట్టుబడినవాడు, అందుకే అతని పేరు మిగిలింది. అలాగే "క్రిస్మస్‌ని నిషేధించింది ఎవరు" అంటే ఆలివర్ క్రామ్‌వెల్ అట. 1647లో పండగలు రద్దు చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది పార్లమెంటు, క్రామ్‌వెల్ దేశాధినేత అయ్యింది 1653లో. 1647 క్రిస్మస్ రోజున దుకాణాలు తెరిచి ఉంచాలని ఆర్డరేస్తే కాంటర్‌బరీలో జనం తిరగబడ్డారు. పండగ పూట షాపు తీయమన్నందుకు గొడవ! ఇంత మంచి కథని ఒక్క వాక్యంలో తేల్చేసి, ప్లమ్ పుడ్డింగ్ వంటకానికి పేజీన్నర ఇచ్చారు.

పండగల భాగం నిజంగానే నీరసం. ప్రతి షీట్‌లోనూ మంచు, నిప్పుగూడు, ఎర్ర బుగ్గల పిల్లలు. బ్రిటన్ అని మొదలుపెట్టి ఇంగ్లండ్ గురించి మాత్రమే చెబుతారు. మా కేర్ హోమ్‌లో గ్లాస్గో పెద్దాయన ఒకరున్నారు, క్రిస్మస్ షీట్ చూపించి మీ చిన్నప్పుడు ఇలాగే చేసేవాళ్లా అనడిగితే గట్టిగా నవ్వి, మా నాన్న ఆ రోజు పనికెళ్లేవాడమ్మా అన్నారు. స్కాట్లాండ్‌లో 1958 దాకా క్రిస్మస్‌కి పబ్లిక్ హాలిడే లేదు, అక్కడి చర్చికి అప్పట్లో ఆ పండగంటే గిట్టేది కాదు. వాళ్ల సంబరమంతా కొత్త సంవత్సరానికే, జనవరి 2న కూడా సెలవు. అర్ధరాత్రి దాటాక గడపలో మొదటి అడుగు పెట్టేవాడు నల్లజుట్టు మగాడైతే ఇంటికి మంచిదట, చేతిలో బొగ్గుముక్క పట్టుకొస్తాడు. మా ఆయన్ని పంపమని ఇప్పటికీ సరదాకి అడుగుతుంటారు.

బ్యాంక్ హాలిడే షీట్ గురించి నాకు కొంచెం కోపం కూడా ఉంది. 1871లో జాన్ లబ్బక్ తెచ్చిన చట్టమని, మొదట నాలుగు రోజులని, హాలిడే అనే మాట హోలీ డే నుంచి వచ్చిందని, అన్నీ చెప్పారు. బ్యాంకులకే కాదు చాలామందికి సెలవని, ఆ రోజు బస్సులు ఆదివారం టైముకి నడుస్తాయని మాత్రం ఎక్కడా లేదు. మే నెల మొదటి సోమవారం నేను బ్యాంకులో ఉద్యోగం చేయడం లేదు కదా అన్న ధీమాతో స్టాపులో నలభై నిమిషాలు నిలబడి డ్యూటీకి లేటయ్యాను. మదర్స్ డే కూడా అంతే. ఇక్కడ లెంట్‌లో, అంటే ఈస్టర్‌కి ముందు ఉపవాసాల రోజుల్లో, నాలుగో ఆదివారం వస్తుంది, అంటే మార్చిలోనే చాలాసార్లు. అమ్మకి ఫోన్ చేసి విషెస్ చెబితే, మేలో కదే, ఏమైందే నీకు అంది. ఈస్టర్ తేదీ వివరించినప్పుడు మాత్రం టక్కున పట్టేసుకుంది: మార్చి 21న గానీ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి, ఆ తర్వాతి ఆదివారం. "అయితే వాళ్లకీ పంచాంగం ఉందన్నమాట."

పండగల భాగంలో బాగున్నవి రెండు. ఒకటి ప్రిపొజిషన్ల షీట్. మనం క్రిస్మస్‌కి, ఆదివారానికి, డిసెంబర్‌కి, అన్నిటికీ ఒకే "కి" తగిలిస్తాం. వాళ్లది ఎట్ క్రిస్మస్, ఆన్ క్రిస్మస్ డే, ఇన్ డిసెంబర్. మొత్తం పండగ రోజులైతే ఎట్, ఒక్క రోజైతే ఆన్. అరవై వాక్యాలున్నాయి, విసుగొస్తుంది, అయినా చేయండి, ఇప్పుడు నా నోట తప్పు రాదు. రెండోది ష్రోవ్ ట్యూస్‌డే షీట్. లెంట్ ఉపవాసాలకు ముందు ఇంట్లో గుడ్లు, పాలు, వెన్న అయిపోవాలని ప్యాన్‌కేకులు వేసుకునేవాళ్లట, అది చదివిన వారమే కేర్ హోమ్‌లో ప్యాన్‌కేకులు. అట్లు తిప్పడం నాకొకరు నేర్పాలా? నిమ్మరసం, పంచదార చల్లి ఇస్తుంటే నలుగురు పెద్దవాళ్లు ఆ షీట్‌లో ఉన్న మాటలే మాట్లాడుతున్నారు, నాకు అన్నీ అర్థమవుతున్నాయి. అందులో ఒకావిడ చిన్నప్పుడు పాత బట్టలతో బొమ్మ చేసి, "పెన్నీ ఫర్ ది గై" అని వీధిలో డబ్బులడిగి, నవంబర్ 5న దాన్ని మంటలో వేసేవాళ్లమని చెప్పింది. మా ఊళ్లో దసరాకి రావణుణ్ణి కాలుస్తామని నేనూ చెప్పాను. గై ఫాక్స్ పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని యార్క్‌లోనే. అతను చదివిన సెయింట్ పీటర్స్ స్కూల్లో మాత్రం ఆ బొమ్మని కాల్చరు, పాత విద్యార్థి కదా.

ఆడియో గురించి ఎక్కువ చెప్పను. ఒకే గొంతు, ఒకే యాస, వార్తలు చదివినట్టు. ఇక్కడి యార్క్‌షైర్ మాట చెవికి ఎక్కాలంటే అది పనికిరాదు.

ఇక్కడ స్థిరపడటానికి, పౌరసత్వానికి రాయాల్సిన లైఫ్ ఇన్ ది యూకే పరీక్ష కోసం ఇదొక్కటే చదువుదామనుకుంటే వద్దు. 45 నిమిషాల్లో 24 ప్రశ్నలు, 18 కరెక్టవ్వాలి, అధికారిక పుస్తకం చదవాల్సిందే. మా ఆడబిడ్డ ఆ పుస్తకం చదివే ముందు నా దగ్గర హెన్రీ, అతని కూతుళ్లు మేరీ, ఎలిజబెత్‌ల షీట్లు జిరాక్సు తీసుకుంది. ఎవరు క్యాథలిక్కో ఎవరు ప్రొటెస్టెంటో కలగాపులగం కాకుండా ఉండటానికి పనికొచ్చాయంది. 1829లో క్యాథలిక్కులకు పార్లమెంటులో కూర్చునే హక్కు రావడం, 1290లో వెళ్లగొట్టిన యూదుల్ని 1656లో మళ్లీ రానివ్వడం కూడా ఈ కట్టలో ఉన్నాయి, పొట్టిగానే. ఆ తర్వాత వచ్చినవాళ్లకి ఒకే షీట్. వోకింగ్ మసీదు 1889లో కట్టారన్న ఒక లైను, లెస్టర్ దీపావళి ఫొటో, అయిపోయింది.

చివరి షీట్, నలభయ్యోది, మీ దేశంలో ఒక పండగ గురించి నూట యాభై పదాలు రాయమంటుంది. నేను బతుకమ్మ గురించి రాశాను. తంగేడు, గునుగు పూలకి ఇంగ్లిష్ పేర్లు దొరక్క అలాగే రాసేశాను, టీచరమ్మ వాటిని ముట్టుకోలేదు. "ది" పెట్టాల్సిన చోటల్లా మర్చిపోయానని పదకొండు ఎర్ర గీతలు గీసి, కింద ఒక ప్రశ్న రాసింది: నీళ్లలో వదిలాక ఆ పూలు ఏమవుతాయి?