ఫిల్మ్ స్కూల్ ట్రాన్స్‌ఫర్ ప్యాకేజీలు: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ కోర్సులుండే కాలేజీ) చదువుతూ యూసీఎల్ఏ, యూఎస్‌సీ, ఎన్‌వైయూ లాంటి చోట్ల ఫిల్మ్ కోర్సుకి ట్రాన్స్‌ఫర్ అవుదామనుకునే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు కాస్త ఓపిగ్గా చదవండి. "ఫిల్మ్ ట్రాన్స్‌ఫర్ ప్రీమియం ప్యాకేజీ" అని అమ్ముతున్న హైదరాబాద్ కన్సల్టెన్సీ ఒకదానికి మా నాన్న రెండున్నర లక్షలు కట్టారు, ఫలితం ఏంటంటే మా తమ్ముడి యూసీఎల్ఏ ఫిల్మ్ అప్లికేషన్ ఈ ఏడాది సగంలోనే ఆగిపోయింది. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి పేరు రాయట్లేదు. ఇవే మాటలు చెప్పేవాళ్ళు బయట ఇంకా చాలామంది ఉన్నారు, అందుకని పేరుని కాదు, మాటల్ని గుర్తుపెట్టుకోండి.

మొదటి మాట "ట్యాగ్ ఉంది సార్, యూసీఎల్ఏ సీటు గ్యారంటీ". ఇది పచ్చి అబద్ధం. ట్యాగ్ అంటే ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ, కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ పిల్లలకి అది నిజంగానే ఉంది, అందుకే ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళు ఈజీగా నమ్మేస్తారు. కానీ అది ఉన్నది ఆరు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లకే: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. యూసీఎల్ఏ, బర్క్‌లీ, శాన్ డియాగో కూడా యూసీ క్యాంపస్‌లే కానీ ఇందులో లేనే లేవు. ఉన్న ఆరింటిలో కూడా ఒక్కదానికే పెట్టుకోవాలి, అదీ సెప్టెంబర్‌లో, మళ్ళీ మేజర్‌ని బట్టి మినహాయింపులు వేరే. యూఎస్‌సీ, ఎన్‌వైయూ ప్రైవేటు యూనివర్సిటీలు, వాటికీ ట్యాగ్‌కీ సంబంధమే లేదు. ఎవరైనా యూసీఎల్ఏకి ట్యాగ్ అన్నారంటే అక్కడే ఫోన్ పెట్టేయండి.

అసలు ఫిల్మ్‌కి ట్రాన్స్‌ఫర్ అంటే మామూలు ట్రాన్స్‌ఫర్ కాదు. యూసీఎల్ఏకి 60 సెమిస్టర్ యూనిట్లు, లేదా 90 క్వార్టర్ యూనిట్లు పూర్తి చేసి మూడో ఏడాదిలో చేరాలి, అందరూ పెట్టే యూసీ అప్లికేషన్ పెట్టాలి, దాని మీద ఫిల్మ్ స్కూల్ వాళ్ళు విడిగా అడిగే సప్లిమెంటల్ మెటీరియల్ కూడా ఇవ్వాలి, అది లేకపోతే మార్కులు ఎంత ఉన్నా ఫిల్మ్ సీటు రాదు. యూఎస్‌సీ, ఎన్‌వైయూ కూడా క్రియేటివ్ శాంపిల్స్ అడుగుతాయి. ఏం అడుగుతారు, ఎన్ని నిమిషాల వీడియో, ఎన్ని పేజీలు, డేట్ ఎప్పుడు అనేది ఏటా మారుతుంటుంది, ఆయా స్కూల్ పేజీలోనే చూడండి, కన్సల్టెన్సీ పంపిన పీడీఎఫ్‌ని నమ్మొద్దు. మాకు పంపింది పాతది.

ఇక నాకు ఒళ్ళు మండించిన విషయం వ్యాసాలు. యూసీ వాళ్ళ ప్రశ్నలకి ఒక్కోదానికి 350 పదాల్లోపు పిల్లలు తమ గురించి తామే రాయాలి. "మా రైటర్ టీమ్ పాలిష్ చేస్తుంది" అని వీళ్ళు మావాడి డ్రాఫ్ట్ తీసుకున్నారు. వాడు రాసింది తెనాలిలో మా మావయ్య పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే గది గురించి, అప్పగింతల బిట్‌కి ఏ పాట వేయాలో మావయ్యతో గొడవపడటం గురించి, చదివితే అచ్చం వాడు మాట్లాడినట్టే ఉంటుంది. తిరిగొచ్చిన దాంట్లో మావయ్య లేడు, గది లేదు, అమ్మమ్మ ఇంటి అటక మీద దుమ్ము పట్టిన ప్రొజెక్టర్ దొరికిందని ఉంది. మా అమ్మమ్మ ఇంటికి అటకే లేదండి! తర్వాత ఇదే ప్యాకేజీ తీసుకున్న ఇంకో తెలుగు కుటుంబంతో మాట్లాడితే వాళ్ళ అమ్మాయి వ్యాసంలోనూ అదే అటక, అదే ప్రొజెక్టర్, రెండు వాక్యాలైతే అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఇది ఎంత ప్రమాదమో చూడండి, యూసీ వాళ్ళు వ్యాసాలు సొంతంగా రాసినవా కాదా అని చెక్ చేస్తారు, కాపీ అని తేలితే అప్లికేషన్ రద్దు చేయొచ్చు. దెబ్బ పడేది పిల్లాడికి, కన్సల్టెన్సీకి ఏమీ కాదు. మావాడు గట్టిగా పట్టుబట్టి తన డ్రాఫ్ట్ తనే పెట్టించుకున్నాడు, అదొక్కటే నయం.

అంతకంటే పెద్ద నష్టం ఈమెయిల్ వల్ల జరిగింది. అప్లికేషన్ అకౌంట్ వాళ్ళే ఓపెన్ చేశారు, వాళ్ళ ఆఫీసు మెయిల్ ఐడీతో. పాస్‌వర్డ్ అడిగితే "సెక్యూరిటీ పాలసీ" అన్నారు. సప్లిమెంటల్ గురించి యూసీఎల్ఏ నుంచి మెయిల్ వాళ్ళ ఇన్‌బాక్స్‌కే వెళ్ళింది, చూసినవాళ్ళు లేరు, మేం ఫోన్ మీద ఫోన్ చేస్తే "సర్వర్ లోడ్, రేపు చూస్తాం" అంటూ సాగదీశారు, చివరికి పాస్‌వర్డ్ చేతికొచ్చేసరికి గడువు దాటిపోయింది. యూసీఎల్ఏ ట్రాన్స్‌ఫర్లని ఫాల్‌కే (సెప్టెంబర్‌లో మొదలయ్యే టర్మ్) తీసుకుంటుంది, అంటే ఇంకో ఏడాది ఆగాలి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లాడికి ఇంకో ఏడాది అంటే ఇంకో ఏడాది ఫీజు, అద్దె, ఇంట్లోవాళ్ళకి నిద్ర లేకపోవడం.

ఇవన్నీ అయ్యాక కూడా సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ సిస్టమ్) ట్రాన్స్‌ఫర్‌కి ఇంకో నలభై వేలు కట్టమని మెసేజ్ పెట్టారు. సెవిస్ రికార్డు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మార్చేది కాలేజీలో విదేశీ విద్యార్థుల సంగతులు చూసే అధికారి, డీఎస్‌ఓ అంటారు, బయటివాళ్ళు ఎవరూ దాన్ని ముట్టుకోలేరు. కొత్త కాలేజీ అడ్మిషన్ లెటర్ పట్టుకుని ఇప్పుడు చదువుతున్న కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్తే రికార్డు రిలీజ్ చేసే డేట్ పెడతారు, ఆ తర్వాత కొత్త కాలేజీ ఐ-20 (స్టూడెంట్ వీసాకి కావాల్సిన ఫారం) ఇస్తుంది. దీనికి కన్సల్టెన్సీతో పనే లేదు.

వాళ్ళు అమ్మే మిగతా సరుకు కూడా ఫ్రీగా దొరికేదే. ఏ క్లాసుకి ఏ యూసీలో క్రెడిట్ వస్తుందో అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో కనిపిస్తుంది. కమ్యూనిటీ కాలేజీల్లో ట్రాన్స్‌ఫర్ సెంటర్ ఉంటుంది, అపాయింట్‌మెంట్ తీసుకుంటే కౌన్సెలర్ కూర్చుని ప్లాన్ వేసిస్తారు. శాంపిల్ వీడియో చూపించడానికి మీ ఫిల్మ్ క్లాసు ప్రొఫెసర్ కంటే మంచి మనిషి ఎవరుంటారు చెప్పండి.

"లోపల మనవాళ్ళున్నారు" అనే రకం కూడా తగులుతారు. 2019లో బయటపడిన అడ్మిషన్ల స్కామ్‌లో యూఎస్‌సీ, యూసీఎల్ఏ పేర్లు కూడా వచ్చాయి, దాన్ని నడిపిన రిక్ సింగర్‌కి 2023లో మూడున్నరేళ్ళ జైలు శిక్ష పడింది, డబ్బులిచ్చిన తల్లిదండ్రులు కూడా జైలుకెళ్ళారు. ఆ మాట వింటే ఒక్క నిమిషం కూడా ఆగకండి.

డబ్బు సంగతికొస్తే, మా నాన్నతో ఎవరిదో పర్సనల్ అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నారు, జీఎస్టీ బిల్లు ఇవ్వలేదు, రీఫండ్ అడిగితే "కౌన్సెలింగ్ గంటలు వాడేశారు" అంటున్నారు. ఇండియాలో కట్టినవాళ్ళు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, వాట్సాప్ చాట్లు, ముఖ్యంగా "గ్యారంటీ" అని రాసిన మెసేజ్‌లు డిలీట్ చేయకుండా దాచండి. అమెరికా నుంచి జెల్ (Zelle, బ్యాంకు అకౌంట్ నుంచి నేరుగా డబ్బు పంపే సర్వీసు) ద్వారా పంపమంటే ససేమిరా ఒప్పుకోకండి, మనంతట మనం పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం, క్రెడిట్ కార్డ్ అయితే కనీసం డిస్ప్యూట్ వేసుకోవచ్చు.

ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీ తీసుకున్నవాళ్ళుంటే ఈ రాత్రే అకౌంట్‌లోకి మీరే లాగిన్ అయి చూడండి. మెయిల్ ఐడీ, ఫోన్ నంబర్ మీవి కాకపోతే వెంటనే మార్చండి, లాగిన్ ఇవ్వకపోతే వాళ్ళని బతిమాలుతూ కూర్చోకుండా నేరుగా యూనివర్సిటీ అడ్మిషన్స్ ఆఫీసుకి ఫోన్ చేయండి.